గేదె చేపడంలో సగం నరాలది, సగం హార్మోన్‌ది

మా అమ్మమ్మ పాలు పితకడానికి కూర్చునే ముందు దూడని విప్పేది. అది పరిగెత్తుకొచ్చి పొదుగుని తలతో రెండు కుమ్ములు కుమ్మి నాలుగు గుక్కలు లాగేసరికి అప్పటిదాకా వేలాడుతున్న చన్నుల్లోకి పాలు దిగి అవి బిగుసుకునేవి, "ఆఁ, చేపింది" అంటూ దూడని లాక్కెళ్ళి గుంజకి కట్టేసి చెంబు పట్టుకుని కూర్చునేది. నాకేమో ఆ దూడని చూస్తే జాలేసేది, నోటి దాకా వచ్చింది లాగేసుకున్నట్టు. అమ్మమ్మ మాత్రం "పిల్లాడిలా మాట్లాడకు, అది రాకపోతే ఇది చేపదు" అనేది. పక్కింటివాళ్ళో చుట్టాలో కొత్తగా పితకడానికి కూర్చుంటే గేదె ఎగచేపేది, అంటే పాలు పైకి లాగేసుకునేది, ఎంత పిండినా చుక్క రాలేది కాదు. చేపడం, ఎగచేపడం, రెండు చిన్న మాటలు, సిటీలో పుట్టిన పిల్లలకి ఇప్పుడు తెలీవు గానీ నరాలూ హార్మోన్లూ కలిసి ఎలా పనిచేస్తాయో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు ఇప్పటిదాకా దొరకలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ప్రతి ఏడూ ఒకసారైనా వాట్సాప్‌లో అదే ఫార్వర్డ్ తిరుగుతుంది, గేదెలకి హార్మోన్ ఇంజెక్షన్ వేస్తున్నారు, ఆ పాలు తాగి ఆడపిల్లలు చిన్న వయసులోనే పెద్దమనిషి అయిపోతున్నారు అని. ఇంజెక్షన్ వేస్తున్న మాట నిజం. వేయకూడదు అన్నదీ నిజం. కానీ భయం మాత్రం తప్పు చోట పెట్టుకున్నాం అనిపిస్తుంది నాకు. ఆ సూది చెడగొట్టేది మన గ్లాసులోని పాలని కాదు, గేదెకీ దూడకీ మధ్య ఉన్న ఒక సర్క్యూట్‌ని.

ఆ సర్క్యూట్ ఏంటో చూద్దాం. పాలు పొదుగులో ట్యాంకులో నీళ్ళలా నిలవ ఉంటాయనుకుంటాం. అలా ఉండేది కొంచెమే, ఆవులో దాదాపు ఐదో వంతు, గేదెలో అయితే 100కి 5 పాళ్ళే. మిగతాదంతా పైన కంటికి కనపడనంత చిన్న పాలబుడగల్లో ఇరుక్కుని ఉంటుంది, చేత్తో ఎంత పిండినా ఆ బుడగల్లోంచి కిందకి దిగదు. ప్రతి బుడగ చుట్టూ వల అల్లినట్టు సన్నటి కండర కణాలుంటాయి, అవి ముడుచుకుంటేనే పాలు చన్నులోకి దిగుతాయి. తమాషా ఏంటంటే ఆ కణాలని ముడుచుకోమని చెప్పడానికి మెదడు నుంచి వాటికి నరం లేదు. లోపలికి వెళ్ళే కబురు నరంలో వెళ్తుంది, తిరిగొచ్చే జవాబు రక్తంలో వస్తుంది.

దూడ నోరు తగలగానే చన్ను చర్మంలోని నరాలు మేల్కొంటాయి, కబురు వెన్నుపాము మీదుగా మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్‌కి వెళ్తుంది. స్పర్శని మోసే లావు నరాల్లో వేగం సెకనుకి 50 మీటర్లకి అటూఇటూ కాబట్టి ఈ భాగం కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. హైపోథాలమస్‌లో కొన్ని నరకణాలు విచిత్రమైనవి, అవి నరకణాలే, కరెంటూ పుట్టిస్తాయి, కానీ వాటి తోక చివర నుంచి ఇంకో నరానికి కబురు అందించకుండా నేరుగా రక్తంలోకి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ వదుల్తాయి. ఆ తోకల చివరలు గుంపుగా ఉన్న చోటునే మనం వెనక పిట్యూటరీ, అంటే మెదడు కింద వేలాడే పిట్యూటరీ గ్రంథిలో వెనక భాగం అంటాం. స్కూల్లో మాకు పిట్యూటరీ అంటే మాస్టర్ గ్లాండ్ అని బట్టీ పట్టించారు, నాడీ వ్యవస్థ ఒక పాఠం, గ్రంథులు ఇంకో పాఠం అన్నట్టు చెప్పారు, ఆ వెనక భాగం అసలు సొంతంగా హార్మోన్ తయారుచేయదని, అది మెదడు కిందకి జారిన ముక్కేనని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ రెండు పాఠాల మధ్య గోడ పుస్తకం వేసినవాళ్ళు కట్టిందే, ఒంట్లో లేదు.

రక్తంలో పడ్డ హార్మోన్ ఊళ్ళో దండోరా లాంటిది, అన్ని వీధుల్లోనూ వినపడుతుంది, సంబంధం ఉన్నవాళ్ళే కదుల్తారు. ఆక్సిటోసిన్ కాలికీ వెళ్తుంది చెవికీ వెళ్తుంది, దాన్ని పట్టుకునే రిసెప్టర్లు ఎక్కువగా ఉన్నది పొదుగులో, గర్భసంచిలో, అందుకే అక్కడే కదలిక. ఈ భాగం నిదానం. ఆవు చేపడానికి నిమిషం పడుతుంది, గేదెకి రెండు నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మళ్ళీ ఆ హార్మోన్ రక్తంలో కొద్ది నిమిషాలే నిలుస్తుంది, అందుకే చేపిన గేదె దగ్గర కబుర్లు పెట్టుకోకూడదు, గబగబా పితికేయాలి. అమ్మమ్మకి ఆక్సిటోసిన్ పేరు తెలీదు గానీ పితికేటప్పుడు ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పేది కాదు.

మరి ఎగచేపడం? 1941లో అమెరికాలో ఈలీ, పీటర్సన్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు ఇదే తేల్చాలనుకున్నారు. పొదుగులో ఒక సగానికి వెళ్ళే నరాలు కోసేసి, మిగతా సగాన్ని మామూలుగా నిమిరి చేపిస్తే నరాల్లేని సగం కూడా చేపింది, అంటే వెనక్కొచ్చే కబురు రక్తంలో వస్తోందని తేలిపోయింది. తర్వాత ఆవుని భయపెట్టారు, ఎలాగనుకున్నారు, వీపు మీద పిల్లిని కూర్చోబెట్టి, కాగితం సంచులు ఊది పక్కనే ఠాప్ ఠాప్‌మని పగలగొట్టారు! ఆవు చేపలేదు. భయపెట్టకుండా, భయంలో ఒంట్లో ఊరే అడ్రినలిన్ అనే హార్మోన్‌ని ఊరికే ఎక్కించినా చేపలేదు. భయం వేస్తే మెదడు ఆక్సిటోసిన్ వదలడం తగ్గిస్తుంది, అడ్రినలిన్ పొదుగుకెళ్ళే రక్తనాళాల్ని బిగిస్తుంది. కొత్త చేతికి గేదె ఎగచేపడం పొగరు కాదన్నమాట. ఇంకో సంగతి, ఈ సర్క్యూట్ నేర్చుకుంటుంది కూడా, అలవాటైన గేదెలు దూడ తాకకముందే, దాణా బకెట్ చప్పుడుకే చేపేస్తాయి. తల్లులకీ అంతే, పక్క గదిలో బిడ్డ ఏడుపు వినపడగానే రవిక తడిసిపోతుంది.

ఇప్పుడు సూది దగ్గరికి వద్దాం, అందులో ఉండేది ఈ ఆక్సిటోసినే. ఆక్సిటోసిన్ 9 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, 1953లో విన్సెంట్ డు విన్యో దాన్ని ల్యాబ్‌లో తయారుచేశాడు, 1955లో నోబెల్ వచ్చింది. తయారీ తేలికయ్యాక చవకైపోయింది. ఆ సీసా దూడ చేసే పనంతా దాటేసి నేరుగా రక్తంలోకి దిగుతుంది. నరం అక్కర్లేదు, మెదడు అక్కర్లేదు, నమ్మకం అక్కర్లేదు, దూడ అస్సలు అక్కర్లేదు. పాలవాళ్ళకి ఇది ఎందుకు పనికొచ్చిందో అర్థం చేసుకోవాలి, ఊరికే రాక్షసులని తిడితే సరిపోదు. గేదెలో కింద నిలవుండే పాలు ఎంత తక్కువో పైన చెప్పాను, చేపకపోతే ఆ పూట దాదాపు ఏమీ రాదు. దున్నదూడ పుడితే పెంచే స్థోమత ఎవరికీ లేదు, తాగే పాలు దండగ అనుకుంటారు, సరిగ్గా తాపరు, చచ్చిపోతుంది. పూర్వం అలా చచ్చిపోతే దేశంలో చాలా చోట్ల దాని చర్మంలో గడ్డి కుక్కి గేదె ముందు నిలబెట్టేవాళ్ళు, చూడ్డానికి ఘోరం కానీ అందులో ఒక తెలివి ఉంది, సర్క్యూట్‌లో నరాల సగాన్ని మోసం చేసి నడిపించడం. ఇరవై గేదెలుండి తెల్లారి నాలుగింటికి పాలవ్యాను వచ్చే చోట, కూలికొచ్చిన మనిషికి ఒక్కో గేదెనీ రెండు నిమిషాలు నిమిరే టైమ్ లేదు. సూది సెకన్లలో అయిపోతుంది.

చట్టం సంగతి చెప్పాలంటే, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలోని 12వ సెక్షన్ పాల కోసం పశువు ఆరోగ్యం చెడేలా ఏ పదార్థాన్ని ఎక్కించినా నేరమంటుంది, రెండేళ్ళ దాకా జైలు కూడా ఉంది. అదే సెక్షన్‌లో ఫూకా అని ఒక పాత పద్ధతి పేరు ఉంటుంది, వెనక నుంచి గాలి ఊదడం. చదవడానికి అసహ్యమేస్తుంది కానీ అదీ పనిచేసేది ఈ దారిలోనే, జననాంగం సాగితే అక్కడి నరాలు హైపోథాలమస్‌కి ఈనేటప్పుడు పంపే కబురే పంపిస్తాయి, ఆక్సిటోసిన్ వస్తుంది.

రోజూ సూది వేస్తే ఏమవుతుందంటే, ఆ పొదుగు బయటి నుంచి వచ్చే పెద్ద డోసుకి అలవాటు పడిపోతుంది, తన మెదడు వదిలే చిన్న మోతాదుకి సరిగ్గా ముడుచుకోదు. ఆవుల మీద దీన్ని పరీక్షించి చూశారు కూడా, వరసగా ఇంజెక్షన్లు ఇచ్చి ఆపేశాక మామూలుగా నిమిరినా పాలు పూర్తిగా దిగలేదు. అంటే రైతు సూది మానేద్దామనుకున్న రోజు గేదె ఒప్పుకోదు. నాకు అసలు నష్టం ఇక్కడ కనపడుతుంది. గర్భసంచి మీద కూడా అదే హార్మోన్ పనిచేస్తుంది కాబట్టి గేదె రోజుకి రెండుసార్లు అక్కర్లేని నొప్పులు పడుతుంది.

మరి మన ఆడపిల్లలు? ఆక్సిటోసిన్ ప్రోటీన్ ముక్క లాంటిది, పాలల్లో కాస్త ఉన్నా జీర్ణరసాలు దాన్ని పప్పులో ప్రోటీన్‌ని నలిపినట్టే నలిపేస్తాయి, ఇన్సులిన్‌ని మాత్రగా మింగలేకపోవడానికీ ఇదే కారణం. పైగా అది ఈడు రావడానికి సంబంధించిన హార్మోనే కాదు. ఆ పని కూడా హైపోథాలమస్‌దే, వేరే నరకణాలు రాత్రిపూట మొదట్లో నెమ్మదిగా, తర్వాత జోరుగా ఇంకో హార్మోన్‌ని గంట కొట్టినట్టు విడతలు విడతలుగా వదలడంతో మొదలవుతుంది, ఒంట్లో కొవ్వు ఎంతుందన్న లెక్క దాంట్లో కలుస్తుంది. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలో మార్పులు కనపడితే పాలు మార్చడం కాదు, డాక్టర్‌కి చూపించాలి. ఈ ఫార్వర్డ్‌ల వల్ల జరిగే చెడ్డపని అదే, చూపించాల్సిన పిల్లని చూపించకుండా పాలవాడితో గొడవపడి ఊరుకుంటారు.

ఈ భయం వాట్సాప్‌తో ఆగిపోతే సరేగానీ, 2018 ఏప్రిల్‌లో కేంద్రం ప్రైవేటు కంపెనీలు దేశంలో అమ్మడానికి ఆక్సిటోసిన్ తయారుచేయకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది, బెంగళూరులోని కర్ణాటక యాంటీబయాటిక్స్ అనే ప్రభుత్వ సంస్థ ఒక్కటే చేయాలంది. పశువులకి దొంగచాటుగా వాడుతున్నారన్నది కారణం. కానీ అదే మందు కాన్పు తర్వాత ఆగకుండా రక్తం పోయే తల్లికి మొదట ఇచ్చేది, బిడ్డ బయటికి రాగానే ముందుజాగ్రత్తగా 10 యూనిట్లు ఇచ్చేదీ అదే, మన దేశంలో బాలింతల చావులకి పెద్ద కారణాల్లో ఆ రక్తస్రావం ఒకటి. దేశం మొత్తానికి ఒక్క ఫ్యాక్టరీ, అదీ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాల్సిన మందు, ఎక్కడో పీహెచ్‌సీకి ఒక నెల రాకపోతే? డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు ఆ నోటిఫికేషన్‌ని కొట్టేసింది, కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. గేదెల్ని కాపాడ్డానికి లేబర్ రూమ్ ఫ్రిజ్ మీద చెయ్యేయడం నాకు అప్పుడూ నచ్చలేదు ఇప్పుడూ నచ్చదు, పట్టుకోవాల్సింది లేబుల్ లేని సీసాలమ్మే సంతలోని దుకాణాన్ని.

లేబర్ రూమ్‌లో ఆ సూది ఇచ్చాక నర్సు ఇంకో పని చేస్తుంది, బిడ్డని వెంటనే తల్లి రొమ్ముకి పెడుతుంది. రెండో కాన్పో మూడో కాన్పో అయిన బాలింతని అడిగి చూడండి, బిడ్డ నోరు పెట్టిన ప్రతిసారీ పొత్తికడుపు మెలిపెట్టినట్టు నొప్పి వస్తుందని చెప్తుంది, వాళ్ళమ్మ పక్కనుంచి "ఏం కాదులేవే, పేగు ముడుచుకుంటోంది" అంటుంది. పేగు కాదు, గర్భసంచి. మిగతాదంతా ఆవిడ కరెక్టుగానే చెప్పింది.