ముందు మనిషిని అడగండి, తర్వాత నవల పేరు చెప్పండి

ఎవరైనా "చదవడానికి మంచి తెలుగు నవల చెప్పండి" అని అడగ్గానే మనవాళ్ళు గొప్ప గొప్ప పేర్లు ఏకరువు పెట్టేస్తారు, అడిగినవాళ్ళకి ఏం ఇష్టం, అసలు తెలుగు గబగబా చదవడం వచ్చా అని ఒక్కరూ అడగరు, నాకు ఒళ్ళు మండిపోద్ది. ఒడిశాలో మా బరంపురంలో తెలుగిళ్ళ పిల్లలు చాలామందికి స్కూల్లో ఒడియా, లేదంటే ఇంగ్లీషు. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడతారు గానీ చదవమంటే కూడబలుక్కోవాలి. అలాంటివాళ్ళకి మొదటే బరువైన పుస్తకం ఇస్తే నాలుగు పేజీలకే మూసేసి ఇంక ఆ జోలికే రారు.

మా పిన్ని కొడుకు ఫోన్లో తెల్లార్లూ క్రైమ్ సిరీస్‌లు చూస్తాడు. వాడికి మధుబాబు గారి షాడో, అదే ఆ గూఢచారి హీరో నవల, ఇచ్చా. లైను కింద వేలు పెట్టుకుని, ఒత్తుల దగ్గర ఆగి, పెదాలు కదుపుతూ చదివాడు, అయినా వదల్లేదు, షాడో తప్పించుకున్నాడో లేదో తెలియాలి కదా మరి! ఇప్పుడు వేలు అక్కర్లేదు. అవి చవకబారు నవలలు అనేవాళ్ళతో నేను పోట్లాడతా.

పిన్నికైతే యద్దనపూడి గారి మీనా, రెండు భాగాలూ. మా వదినకి మాత్రం ఆవిడ నవలల్లో ఉండే అందగాళ్ళు, కార్లు, బంగళాలు చిరాకు, "అలాంటోళ్ళు ఎక్కడుంటారమ్మా" అంటది. వదినకి రంగనాయకమ్మ గారి స్వీట్ హోమ్ ఇచ్చా, అందులో మొగుడూ పెళ్ళాలు బుచ్చిబాబు, విమల మాటలకి వంటింట్లో ఒక్కతే నవ్వుకుంటోంది. డిటెక్టివూ కావాలి నవ్వూ కావాలి అంటే మల్లాది గారి చంటబ్బాయి.

భయం కావాలన్నవాళ్ళకి యండమూరి గారి తులసిదళం, చేతబడి కథ. వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది కాబట్టి ఎక్కడా ఆపనివ్వదు. కానీ ఇది ఇచ్చేముందు నేను కాసేపు కూర్చోబెట్టి మాట్లాడతా. మన వైపు చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టడం, చంపడం కథ కాదండీ, జరుగుతున్నదే, దానికోసమే 2013లో ఒడిశాలో ప్రత్యేకంగా చట్టం చేశారు. నవలని నవలగా చదివి భయపడు, పక్కింటి ముసలమ్మని అనుమానించకు అని గట్టిగా చెప్పి ఇస్తా.

ఇంక మా బరంపురంలోనే పుట్టిన ఉప్పల లక్ష్మణరావు గారి అతడు-ఆమె ఉంది, భార్యాభర్తల డైరీల్లో నడిచే కథ, నాకు ప్రాణం. అందుకే దాన్ని తొందరపడి ఎవరికీ అంటగట్టను. మా తమ్ముడు ముందు ఆ షాడోలన్నీ అవగొట్టనీ, అప్పుడిస్తా.