ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు షీట్లో ఉంది

2018 జనవరి 18న నా స్కూటర్ పోయింది. తేదీ ఇంత గట్టిగా గుర్తుండటానికి స్కూటర్ కారణం కాదు. అది పదకొండేళ్ల పాతది, ఏడెనిమిది సార్లు కిక్ కొడితే గానీ లేవదు. దాన్ని ఎత్తుకెళ్లినవాడి మీద నాకు కోపం కంటే జాలే ఎక్కువ. ఆ పొద్దున కంప్లయింట్ ఇద్దామని స్టేషన్‌కి వెళ్తే రాతపని చూసే కానిస్టేబుల్, అంటే రైటర్, ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"స్టాఫ్ లేరు సార్. అందరు సర్వేల ఉన్నరు. రేపు రాండ్రి."

ఏం సర్వే అని అడిగాను. సకల నేరస్తుల సమగ్ర సర్వే అట. తెలంగాణ అంతటా ఒకే రోజు. పాత కేసులున్నవాళ్ల ఇళ్లు వెతుక్కుంటూ పోలీసులే వెళ్తారు. ఎక్కడుంటున్నారు, ఏం చేసి బతుకుతున్నారు, అన్నీ రాసుకుంటారు. వేలిముద్రలు తీసుకుంటారు, ఇల్లు మ్యాప్‌లో ఎక్కడుందో జియో ట్యాగ్ చేస్తారు. నాకు నోట మాట రాలేదు. అంతకు దాదాపు మూడున్నరేళ్ల ముందు, 2014 ఆగస్టు 19న, సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు రాసుకునేవాళ్లు మా ఇల్లు మర్చిపోయారు. నేనే పక్క సందులోకి పరిగెత్తి, బతిమాలి రాయించుకున్నాను. నేరస్తుల సర్వేలో మమ్మల్ని మర్చిపోయారని బతిమాలుకున్నవాళ్లెవరూ నాకు ఇంతవరకు తగల్లేదు.

కాబట్టి ఈ వ్యాసం పోలీసులను విమర్శించడానికి రాస్తున్నదని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నేను వాళ్ల పక్షం. మన దేశంలో పోలీసు ఉద్యోగాలు 26 లక్షలు మంజూరైతే, 2020 జనవరి 1 నాటికి అందులో 5.31 లక్షలు ఖాళీ. ఉన్నవాళ్లలో కొందరు బందోబస్తుకు, కొందరు వీఐపీల గన్‌మెన్లుగా, కొందరు ఆఫీసర్ల ఇళ్లలో కూరగాయలు తేవడానికి పోగా, మిగిలిన పిడికెడు మందితో ఎక్కడని కాపలా కాస్తారు? నేరం జరిగాక దొంగను వెతకాలంటే బోలెడు మంది కావాలి. దొంగ పుట్టగానే పేరు రాసి పెట్టుకుంటే ఒక్క కానిస్టేబుల్, ఒక్క పెన్ను చాలు. ఇంతకంటే పొదుపైన పద్ధతి ఏ ఆర్థికవేత్తా చెప్పలేడు.

ఈ పొదుపు మనకు కొత్త కూడా కాదు. 1871లో ఇంగ్లిషు దొరలు నేరస్త తెగల చట్టం తెచ్చారు. కొన్ని తెగల్లో పుడితే చాలు, నేరస్తుడిగా రాసేసుకోవడమే. వాళ్ల తర్కం చక్కగా ఉంది. ఈ దేశంలో సాలె కొడుకు మగ్గం పట్టుకుంటాడు, వడ్రంగి కొడుకు బాడిస పట్టుకుంటాడు, మరి దొంగ కొడుకు ఏం పట్టుకుంటాడు? కుల వ్యవస్థను మనవాళ్లు వేల ఏళ్లు పాటించారే గానీ, దాన్ని ఇంత నిజాయితీగా, నేరం దాకా లాక్కెళ్లి నమ్మినవాళ్లు దొరలే. 1897లో చట్టాన్ని ఇంకొంచెం బిగించి, నాలుగేళ్లు దాటిన పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే పెట్టే వీలు కల్పించారు. మూడున్నరేళ్ల వాడిని వదిలేయడం చూస్తే అప్పటికి వాళ్లకీ స్టాఫ్ కొరత ఉన్నట్టే ఉంది.

1911లో చట్టం మద్రాసు రాజధానికి, అంటే మన ఆంధ్ర జిల్లాలకూ వచ్చింది. బాపట్ల దగ్గర ఎరుకల కుటుంబాలను తెచ్చి పెట్టి ఒక సెటిల్‌మెంటు కట్టారు. నడిపే పని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పజెప్పారు. మద్రాసు గవర్నర్ కౌన్సిల్లో ఉన్న హెరాల్డ్ స్టువార్ట్ దొర పేరు మీద అది స్టువర్టుపురం అయింది. వేళకు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాసు ఉండాలి. బడికి రాని పిల్లాడిని పట్టించుకునేవాడు లేని రోజుల్లో, హాజరుకు రాని మనిషి కోసం సర్కారు ఊరూరా మనుషుల్ని పంపేది. ఆ ఊరి పేరు చెబితే తెలుగువాళ్లకు ఈరోజుకీ ఏం గుర్తొస్తుందో నేను చెప్పక్కర్లేదు. దొర పోయి ఎన్నేళ్లయింది! ఆయన పేరు మీది ముద్ర మాత్రం అక్కడ పుట్టిన పిల్లలకు వంశపారంపర్యంగా దక్కింది. పాపం, ఆ ఊళ్లో కండక్టర్లున్నారు, టీచర్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు. పెళ్లిచూపుల్లో మాత్రం "బాపట్ల దగ్గర" అని చెప్పి ఆగుతారు.

1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. నేరస్త తెగలు విముక్త తెగలయ్యాయి. అయితే ఒక అలవాటును ఒక్క గెజిట్‌తో మాన్పించడం కష్టం. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో అలవాటుపడిన నేరస్తుల చట్టం వచ్చింది. స్టేషన్లలో రికార్డులు కట్టిన ఎర్రగుడ్డ మూటలు అలాగే ఉన్నాయి. రౌడీ షీటు, సస్పెక్ట్ షీటు, హిస్టరీ షీటు, ఇలా కన్నేసి ఉంచడానికి ఒక్కో మనిషి చరిత్ర రాసుకునే ఒక్కో షీటు. 'కేడీ' అని మనం పిల్లల్ని ముద్దుగా తిడతాం చూశారా, అదీ ఆ మూటల్లోంచి జారిపడిందే. నోన్ డిప్రెడేటర్, అంటే తెలిసిన దోపిడీదారు, అనే పోలీసు మాటకు పొట్టి రూపం. అల్లరి చేసే నాలుగేళ్లవాణ్ని నాయనమ్మ "ఒరే కేడీ!" అని పిలుస్తుంటే, ఒక్కొక్క ఇంట్లో అది ముద్దు, ఒక్కొక్క ఇంట్లో అది ముందస్తు సమాచారం.

నాకు అన్నిటికంటే నచ్చేది ఏమిటంటే, ప్రభుత్వంలో ఇన్ని శాఖలుంటే ఈ పిల్లల్ని పేరు పేరునా గుర్తుపెట్టుకున్నది పోలీసు శాఖ ఒక్కటే. విముక్త తెగల పిల్లాడు కుల ధృవీకరణ పత్రం కోసం వెళ్తే తహసీల్దారు ఆఫీసులో తాత పత్రం అడుగుతారు. తాతకు పత్రం ఉండదు, తాత డేరాలో పుట్టాడు. సంచార, విముక్త తెగల మీద వేసిన ఇదాతే కమిషన్ చూస్తే, దేశంలో 260కి పైగా తెగలు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ జాబితాల్లో ఎక్కడా లేవని తేలింది. స్కాలర్‌షిప్ ఇవ్వాల్సి వస్తే వాళ్లు ఎవరో ప్రభుత్వానికి తెలియదన్నమాట. అదే పిల్లాడు జాతరలో నిలబడితే, ఏ పత్రమూ లేకుండా, దూరం నుంచి చూసి కులం చెప్పగల నిపుణులు ఖాకీ బట్టల్లో ఉన్నారు. ఇంతటి పరిజ్ఞానం రెవెన్యూ శాఖకు ఎందుకు బదిలీ చేయరో నాకు అర్థం కాదు.

ఇక హైదరాబాద్ సంగతి. పాతబస్తీలో అర్ధరాత్రి ఇంటి ముందు అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకునే కుర్రాళ్లను వ్యాన్లో ఎక్కించుకుని, పొద్దున అమ్మానాన్నలను పిలిపించి కౌన్సెలింగ్ ఇచ్చే కార్యక్రమం ఒకటి నడిచింది. మిషన్ చబుత్రా అని పేరు, చబుత్రా అంటే అరుగే. జూబ్లీహిల్స్‌లో అదే వయసు కుర్రాళ్లు అదే వేళకు పబ్ బయట మెట్ల మీద కూర్చుంటే దాన్ని నైట్ లైఫ్ అంటారు. తేడా ఎత్తులో ఉంది. అరుగు నేలకు దగ్గర.

ఇలా అంతా సాఫీగా నడుస్తుండగా 2024 మే 7న సుప్రీంకోర్టు అడ్డుపడింది. ఢిల్లీలో ఓఖ్లా ఎమ్మెల్యే అమానతుల్లా ఖాన్ మీద 2022లో పోలీసులు హిస్టరీ షీటు తెరిచారు. ఆయనేమో రాజకీయ నాయకుడు, ఆయన గొడవలు ఆయనకున్నాయి. కానీ షీట్లో 'బంధువులు, సంబంధాలు' అనే చోట బడికి వెళ్లే మైనర్ పిల్లల వివరాలు కూడా ఎక్కించారు. ఆ పిల్లల మీద ఏ కేసూ లేదు. కోర్టు ఇదేమిటని అడిగింది. ఢిల్లీ పోలీసులు షీట్ల గురించి తమ శాఖలో ఉన్న స్టాండింగ్ ఆర్డర్, అంటే శాశ్వత ఉత్తర్వు, మార్చుకున్నారు. ఇకపై మైనర్ కొడుకు, కూతురు, తమ్ముడు, చెల్లెలి వివరాలు షీట్లో రాయరట. ఒక్క మినహాయింపు ఉంది: ఆ మైనర్ నేరస్తుడికి ఆశ్రయం ఇచ్చినట్టు ఆధారం ఉంటే రాయొచ్చు.

ఈ మినహాయింపును నేను రెండు రాత్రులు ఆలోచించాను. మా అన్న మనవరాలికి ఐదేళ్లు. మంచం మీద దుప్పటి కప్పి, దిండ్లు పేర్చి ఇల్లు కడుతుంది. అందులోకి మా అన్నను రమ్మంటుంది, ఆయన మోకాళ్ల నొప్పితో దూరి కూర్చుంటాడు. ఖాళీ ప్లాస్టిక్ కప్పులో టీ పోస్తుంది. చట్టం దృష్టిలో ఇది ఆశ్రయమా, ఆతిథ్యమా? రేపు మా అన్న మీద ఏదైనా షీటు తెరిస్తే (కరెంటు ఆఫీసులో పోట్లాడే తీరు చూస్తే తెరవకపోవడమే వింత) దుప్పటిని పంచనామాలో రాయాల్సి వస్తుందా?

కోర్టు అక్కడితో ఊరుకోలేదు. సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల్లో పుట్టిన పాపానికి అమాయకుల పేర్లు యాంత్రికంగా షీట్లలోకి ఎక్కుతున్నాయన్న మాట కూడా ఎత్తింది. అన్ని రాష్ట్రాలూ ఢిల్లీ లాంటి మార్పుల గురించి ఆలోచించాలని ఆరు నెలల గడువు ఇచ్చింది. ఇంకా నయం, 2015 నాటి బాలల న్యాయ చట్టం ఇంతకంటే ముందుకు పోయింది. పిల్లాడు నిజంగానే తప్పు చేసినా సరే, వాడికి కొత్త జీవితం దక్కాలి, పాత రికార్డు చెరిపేయాలి అంటుంది. అంటే తప్పు చేసిన పిల్లాడి రికార్డు చెరిపేయాలట. ఏ తప్పూ చేయని పిల్లాడి పేరు మాత్రం నాన్న షీట్లో రెండో పేజీలో పదిలంగా ఉంటుంది. కాబట్టి పిల్లలకు నా సలహా, రికార్డు పోవాలంటే ముందు ఏదో ఒకటి చేయండి.

మనమే వెనకబడి ఉన్నామని దిగులు పడేవాళ్లకు ఒక ఊరట. స్వీడన్ ఎంత అభివృద్ధి చెందిన దేశం! అక్కడ కూడా స్కోనె ప్రాంతపు పోలీసులు, యూరప్‌లో సంచార జాతిగా ముద్రపడ్డ రోమా ప్రజల పేర్లతో ఒక రిజిస్టర్ నడుపుతుంటే 2013లో డాగెన్స్ నీహెటర్ పత్రిక బయటపెట్టింది. నాలుగు వేలకు పైగా పేర్లు, అందులో సుమారు వెయ్యి మంది పిల్లలు. రెండేళ్ల వయసున్నవాళ్లూ ఉన్నారు, కాలం చేసినవాళ్లూ ఉన్నారు. రిజిస్టర్ పేరు 'తిరుగాడేవాళ్లు' అట. నడక సరిగ్గా రాని పసివాణ్ని తిరుగాడేవాళ్లలో రాయడానికి ఎంత ముందుచూపు కావాలి! తర్వాత కోర్టుకెక్కిన పదకొండు మందికి, ఇది జాతి ఆధారంగా చేసిన వివక్షేనని చెప్పి, తలా 30,000 క్రోనర్లు ఇప్పించారు. నాకు ఇక్కడే టెన్షన్ మొదలైంది. అలాంటి లెక్క మన దగ్గర మొదలుపెడితే, 1871 నుంచి వడ్డీతో కలిపి, స్టువర్టుపురం ఒక్కదానికే బడ్జెట్లో ఒక పద్దు తెరవాలి.

రికార్డుల పని యంత్రాలకు అప్పగిద్దామని కొందరంటారు. ఢిల్లీలో తప్పిపోయిన పిల్లలను వెతకడానికి ముఖాన్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ వాడారు. అది ఒక్క శాతం కూడా సరిగ్గా గుర్తుపట్టడం లేదని, ఆడపిల్లకూ మగపిల్లాడికీ తేడా కూడా తెలియడం లేదని 2019లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖే ఢిల్లీ హైకోర్టుకు చెప్పుకుంది. తప్పిపోయిన పిల్లల విషయంలో అంత అయోమయం. తప్పిపోకుండా బుద్ధిగా ఇంట్లో ఉన్న పిల్లల విషయంలో మాత్రం మన కానిస్టేబుల్ పెన్నుకు తిరుగులేదు. అందుకే నా ప్రతిపాదన ఒకటే. అంగన్‌వాడీ గుడ్డు, స్కూల్ యూనిఫాం, కుల పత్రం, టీకాలు, అన్నీ స్టేషన్ ద్వారా ఇవ్వండి. అడ్రసు వాళ్ల దగ్గరుంది, ఫోన్ నంబరు వాళ్ల దగ్గరుంది. రాత్రి రెండింటికి తలుపు కొట్టి మరీ అందజేసే అలవాటూ వాళ్లకే ఉంది. బీట్ కానిస్టేబుల్ వెంట ఒక పంతులమ్మను పంపితే, గస్తీకి వచ్చినట్టు పాయింట్ బుక్కులో ఆయన సంతకం పెట్టేలోపు ఈవిడ రెండో ఎక్కం చెప్పించేస్తుంది.

ఇది గాల్లోంచి పుట్టిన ఆలోచన కాదు. ఆ జనవరి 18 సాయంత్రమే నాకు తట్టింది. స్కూటర్ లేదు కాబట్టి నడిచి వస్తున్నాను. మా సందు చివర పంచర్ షాపు భాయ్ ఇల్లు. ఎప్పుడో పదేళ్ల కిందట ఊరేగింపులో కొట్లాట కేసు ఆయన మీద ఉందని ఆ రోజే తెలిసింది. వాకిట్లో ఇద్దరు కానిస్టేబుళ్లు. కుర్రవాడు ట్యాబ్ పట్టుకుని ఇంటి ముందుకు, వెనక్కు నడుస్తూ సిగ్నల్ వెతుకుతున్నాడు. పెద్దాయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, తొడ మీద అట్ట పెట్టుకుని ఫారం నింపుతున్నాడు. భాయ్ భార్య చాయ్ తెచ్చింది. పక్కిళ్ల వాళ్లు పని లేకపోయినా గేట్ల దగ్గర నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను.

"పిల్లలెంతమంది?"

"ముగ్గురు సాబ్."

"పేర్లు, ఏం చదువుతున్నరు, ఏ స్కూలు?"

భాయ్ తల వంచుకుని చెబుతున్నాడు. రెండోవాడికి ఏడేళ్లుంటాయి, గవర్నమెంటు బడిలో తెలుగు మీడియం. తన పేరు వినపడగానే లోపల్నుంచి ఉరికొచ్చి కానిస్టేబుల్ భుజం మీదుగా ఫారంలోకి తొంగి చూశాడు. పెదాలు కదుపుతూ కూడబలుక్కుని చదివాడు.

"రెండో అక్షరానికి దీర్ఘం పెట్టలే సార్."

కానిస్టేబుల్ కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. నిజమే, పెట్టలేదు. "శభాష్ బేటా" అని పెన్ను మూత తీసి, జాగ్రత్తగా దీర్ఘం పెట్టాడు. వాడు ఇంకోసారి చదువుకుని, సరిపోయిందని తలూపి లోపలికి పోయాడు.

బడి రిజిస్టర్లో మాత్రం వాడి పేరుకు ఇంకా దీర్ఘం లేదట. సరిచేయమంటే ఆధార్ తెమ్మన్నారని, ఆధార్‌లోనూ లేదని, మొన్న పంచర్ వేస్తూ భాయ్ చెప్పాడు. సైకిల్ పంచర్. స్కూటర్ ఇంకా దొరకలేదు.