2011లో వెళ్లిపోయిన బస్సు

మాది అరసవల్లి. సూర్యనారాయణస్వామి గుడి నీడలో పెరిగినవాణ్ణి, పోయిపోయి పొద్దు లెక్క దగ్గరే బోల్తా కొట్టాను.

2019 సంక్రాంతి వెళ్లగానే భుజానికి బ్యాగు తగిలించుకుని ఒక్కణ్ణే ఇథియోపియా పోయాను. మా వీధిలో గల్ఫ్‌కి వెళ్లి డబ్బులు తెచ్చినవాళ్లున్నారు గానీ, ఉన్న డబ్బులు పట్టుకెళ్లి ఇథియోపియాలో పోసొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అడిస్ అబాబాలో దొరికినంత చవక గదిలో దిగి, బహిర్ దార్‌కి బస్సు టికెట్టు కొన్నాను. ఎన్నింటికని అడిగితే కౌంటర్లో ఆయన 11 అని రాసిచ్చాడు. పదిన్నరకే వెళ్లి నిలబడ్డాను. బస్సు లేదు. అక్కడున్న కుర్రాడు టికెట్టు చూసి, నన్ను చూసి, మళ్లీ టికెట్టు చూసి పక్కవాణ్ణి పిలిచాడు, వాడు ఇంకొకణ్ణి పిలిచాడు, అలా ఓ అరడజను మంది చూశాక తేలింది ఏమిటంటే, అక్కడ గంటల లెక్క పొద్దు పొడుపుతో మొదలవుతుంది. మన ఉదయం ఏడు వాళ్లకి ఒంటిగంట. పొద్దు గూకాక మళ్లీ ఒకటి నుంచి లెక్క, కాబట్టి వాళ్ల రాత్రి 11 అంటే మన తెల్లవారుజాము 5. అప్పుడు చూశాను టికెట్టు మీద సంవత్సరం, 2011. వాళ్ల కేలండర్ మనకన్నా ఏడెనిమిదేళ్లు వెనక. అంటే నేను ఐదున్నర గంటలు కాదు, ఎనిమిదేళ్లు లేటు. ఇంకేం రీఫండు!

మర్నాడు మళ్లీ డబ్బులు కట్టి ఎక్కాను. కిటికీ తీస్తే పక్కాయన మూసేశాడు, గాలి తగిలితే జబ్బు చేస్తుందట. కోళ్లూ మనుషులూ అందరం ఒకే గాలి పీల్చుకుంటూ వెళ్లాం. దారిలో ఇంజెరా తిన్నాను. రోజుల తరబడి పులిసిన పిండితో పళ్లెమంత అట్టు, మొదటి ముద్దకి చెవులు కదిలాయి. దాని మీద పోసే షిరో మాత్రం, ఒట్టు, మన బొంబాయి చట్నీకి పెద్దమ్మ కూతురు.

బహిర్ దార్ నుంచి గోండార్ ఓ 180 కిలోమీటర్లు. లాడ్జి కుర్రాడు వ్యాను మాట్లాడి "పదకొండింటికి" అన్నాడు. నాకు తెలీదా ఆ పదకొండు? నాలుగింటికే లేచి, చీకట్లో బ్యాగు పెట్టుకుని గేటు దగ్గర కూర్చున్నాను. ఐదయింది, ఆరయింది, ఏడయింది, ఎదురుగా ఒకావిడ బొగ్గుల కుంపటి రాజేసి కాఫీ గింజలు వేయించడం మొదలెట్టింది, వ్యాను మాత్రం రాలేదు. నా అవస్థ చూసి ఆవిడే పిలిచి పీట వేసింది. పేలాలు పెట్టింది. అక్కడ కాఫీ అంటే ఒక్క కప్పు కాదు, అదే పొడి మీద మళ్లీ మళ్లీ నీళ్లు పోసి మూడు వాయిలు, మూడోదాని పేరు బెరెకా, అంటే దీవెన. దీవెన లేకుండా లేవకూడదంది.

ఇంతలో ఓ ముసలాయన వచ్చి ఇండియానా అని అడిగాడు. ఒకప్పుడు అక్కడి బళ్లలో మన మాస్టర్లు చాలామంది పాఠాలు చెప్పారు, ఈయనకి లెక్కలు చెప్పింది కూడా మనవాడేనట. నా గోడు విని పకపకా నవ్వాడు. పరదేశివి కదా అని ఆ కుర్రాడు పాపం కష్టపడి మీ టైములోకి మార్చి చెప్పాడయ్యా, వ్యాను మీ పదకొండుకే వస్తుంది, మాకు లెక్కలు నేర్పిన దేశం వాడివి, నీకు ఆరు కలపడం తీసేయడం రాలేదా, అన్నాడు. కాఫీ డబ్బులు ఆయనే ఇచ్చాడు. వ్యాను పదకొండుకే వచ్చింది. వచ్చి, మన ఆమదాలవలస ఆటోలాగా, నిండేదాకా ఒంటిగంట వరకూ కదల్లేదు. నాకేం కోపం రాలేదు, మూడు కప్పుల కాఫీ లోపల ఉంది మరి.

ఇంటికొచ్చి మామ్మకి చెప్పాను, అక్కడ పొద్దు పొడిచాకే గంటలు లెక్కపెడతారనీ, ఏడాదికి పదమూడు నెలలనీ, ఆ పదమూడోది ఐదారు రోజులే ఉంటుందనీ. ఆవిడేం ఆశ్చర్యపోలేదు.

"మనకి మాత్రం అధికమాసం రాదేట్రా? పొద్దు పొడవకుండా గంటలేటి? ఆళ్లే సరిగ్గా ఉన్నారు. అది సరే గానీ, ఆ ఎల్లిపోయిన బస్సుకి ఎంతెట్టావు?"