సిరొంచ మాట సభలో అడిగేదెవరు?

మహారాష్ట్ర శాసనసభలో 288 సీట్లు. 2024 నవంబరు ఎన్నికల్లో బీజేపీకి 132, శివసేనకు 57, ఎన్సీపీకి 41 వచ్చాయి. కూటమి కట్టి పాలిస్తున్న ఆ మూడు పార్టీలవే 230. ఎదుటి పక్షంలో ఒక్క పార్టీకీ సభలో పదో వంతు, అంటే 29 సీట్లు కూడా దక్కలేదు. మరోవైపు 91వ రాజ్యాంగ సవరణ మంత్రివర్గాన్ని సభలో 15 శాతానికి కట్టడి చేసింది. ముఖ్యమంత్రితో కలిపి 43 మందికి మించడానికి లేదు. అంటే అధికార పక్షంలోనే 180 మందికి పైగా ఎమ్మెల్యేలు ఏ శాఖా లేకుండా వెనక బెంచీల్లో కూర్చున్నారు. ప్రతిపక్షం ఇంతగా పలచబడ్డప్పుడు మంత్రులను నిలదీసే పని వీళ్ల మీదే పడుతుంది. వీళ్లు బల్లలు చరచడంతో సరిపెట్టుకుంటే ప్రశ్నోత్తరాల గంట ఉత్త తంతు అవుతుంది.

ముంబయిలో ఉండేవారికి ఇది రాజకీయ చర్చ. తెలంగాణకు ఆనుకుని గోదావరి ఒడ్డున ఉన్న సిరొంచ తాలూకాలో బతికేవారికి అలా కాదు. మనకు జిల్లా కేంద్రం గడ్చిరోలి 200 కిలోమీటర్లకు పైమాటే. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం. రోగం ముదిరితే బండి మాట్లాడుకుని వరంగల్‌కో మంచిర్యాలకో పరుగెత్తుతాం. మిర్చి ఏరడానికి భూపాలపల్లి, ములుగు వైపు పోతాం. సంబంధాలు కలుపుకొనేదీ అవతలి ఒడ్డు వాళ్లతోనే. ఓటు మాత్రం అహేరి నియోజకవర్గంలో. కాబట్టి మన గోడు వినిపించగలిగేది ముంబయి సభలో, ఏడాదికోసారి నాగ్‌పూర్‌లో. అక్కడ మన పేరెత్తడానికి ఉన్నది ఒక్క ఎమ్మెల్యే. ఆ ఒక్కరూ భామ్రాగఢ్, ఎటాపల్లి, ముల్చేరా, అహేరి తాలూకాల తరఫున కూడా మాట్లాడాలి.

గడ్చిరోలి పాలక్ మంత్రి, అంటే జిల్లా ఇన్‌చార్జి మంత్రి బాధ్యతను 2025 జనవరిలో ముఖ్యమంత్రి దేవేంద్ర ఫడ్నవీస్ తానే తీసుకున్నారు. మంచిదే. జిల్లాను ఉక్కు కేంద్రంగా మారుస్తామని ఆయన పదేపదే చెబుతున్నారు. సూర్జాగఢ్ ఇనుప ఖనిజం ఉన్నది ఎటాపల్లి వైపు. సిరొంచలో ఇనుము లేదు, నది ఉంది. ఆ నదితోనే తిప్పలు వచ్చాయి.

2016 ఆగస్టు 23న మహారాష్ట్ర, తెలంగాణ ముఖ్యమంత్రులు ముంబయిలో గోదావరి బ్యారేజీల ఒప్పందంపై సంతకాలు చేశారు. మేడిగడ్డ దగ్గర నీటిమట్టం సముద్రమట్టానికి 100 మీటర్లకు ఖరారైంది. మన తరఫున సంతకం పెట్టింది ఫడ్నవీసే. 2019 జూన్ 21న ప్రారంభోత్సవానికి అతిథిగా వెళ్లిందీ ఆయనే. 85 గేట్ల ఆ బ్యారేజీకి ఒక కొస భూపాలపల్లి జిల్లా మేడిగడ్డలో ఉంటే, రెండో కొస సిరొంచ తాలూకా పోచంపల్లిలో ఉంది. నీళ్లు ఎత్తిపోసుకునేది అటువైపుకే అయినా, మునక మాత్రం ఇటూ వచ్చింది.

గేట్లు దించితే ఒడ్డు పొలాల్లోకి నీరు ఎక్కేది. ఎత్తితే ఆ ఒరవడికి ఒడ్డు కోసుకుపోయేది. 2022 జులై వరద సంగతి ఈ తాలూకాలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. పత్తి చేలో మోకాలి లోతు ఇసుక మేట వేసిందంటే పోయేది ఆ ఏటి పంట ఒక్కటే కాదు. ట్రాక్టరు పెట్టి ఇసుక తోడించుకునే స్తోమత లేని రైతుకు ఆ చెలక ఇక చెలక కాదు. తలాఠీ (ఊరి రెవెన్యూ అధికారి) వస్తాడు, టేపు పట్టి కొలుస్తాడు, పంచనామా రాసుకుంటాడు, సంతకం పెట్టించుకుంటాడు. సాత్‌బారా అనే భూమి రికార్డులో భూమి రైతు పేరునే ఉంటుంది, నేల మీద మాత్రం నది పారుతుంటుంది. బ్యాంకు పంట రుణం మీద వడ్డీ దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది.

మొదట్లో కొంత భూమిని రైతులతో మాట్లాడుకుని నేరుగా కొన్నారు. మిగతాది ఏళ్ల తరబడి నానింది. 2013 భూసేకరణ చట్టం ప్రకారమైతే గ్రామీణ భూమి మార్కెట్ విలువను గుణకంతో హెచ్చించి, అంత సొమ్మూ మళ్లీ సోలేషియంగా, అంటే అదనపు పరిహారంగా కలపాలి. ఖర్చు భరించాల్సింది తెలంగాణ అన్నది ఒప్పందం. అసలు మెలిక ఇక్కడే ఉంది. తహసీల్ ఆఫీసుకు వెళ్తే డబ్బు అవతలి నుంచి రావాలంటారు. అవతలికి వెళ్లి అడుగుదామంటే ఈ రైతు వాళ్ల ఓటరు కాడు.

2023 అక్టోబరు 21న బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్ 2025 జులై 31న తెలంగాణ ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది. హైదరాబాద్‌లో సభ అర్ధరాత్రి దాటేదాకా వాదించుకుంది. వాళ్ల గొడవ పిల్లర్ల చుట్టూ, అప్పుల చుట్టూ, ఎవరు తప్పు చేశారన్న దాని చుట్టూ తిరిగింది. అది వాళ్ల హక్కు. ఈ ఒడ్డున ఉన్న మన పొలాల గురించి హైదరాబాద్ సభ బాధపడాలని మేము ఆశించడం లేదు. బాధపడాల్సిన సభ మనకు వేరే ఉంది. రేపు మరమ్మతు చేసి మళ్లీ నీరు నిలిపితే ఇటు కరకట్ట ఎవరు కడతారు, పాత ఒప్పందమే నడుస్తుందా, మన వైపు నష్టాన్ని కొత్తగా లెక్కగడతారా అన్నది ముంబయి మంత్రులు చెప్పాలి. చెప్పించాలంటే ఎవరో ఒకరు లేచి అడగాలి.

ఈ ప్రాంతం మాట సభలో ఎన్నడూ రాలేదని మేము అనడం లేదు. ప్రశ్న అడిగే తీరులోనే లోపం ఉంది. ముద్రించిన తారాంకిత ప్రశ్నల (మంత్రి సభలో నోటితో జవాబివ్వాల్సినవి) జాబితాలు తిరగేస్తే ఒక మూస కనిపిస్తుంది. ఫలానా తాలూకాలో రైతులకు నష్టం జరిగిందన్నది నిజమేనా? పాక్షికంగా నిజమే. అయితే ప్రభుత్వం ఏం చర్య తీసుకుంది? కార్యవాహి (చర్య) సాగుతోంది. తీసుకోకపోతే జాప్యానికి కారణాలేమిటి? ప్రశ్న ఉత్పన్నం కాదు. అంతే, మంత్రి కూర్చుంటారు, సభ తరువాతి ప్రశ్నకు వెళ్తుంది. 'నిజమేనా' అని అడిగితే ఏ మంత్రి అయినా ఇలాగే తప్పించుకుంటాడు. ఎన్ని హెక్టార్లు, ఎందరు భూమి ఖాతాదారులు, ఎంత సొమ్ము, ఏ తేదీ అని అడిగితే తప్పించుకోవడం కష్టం. తప్పు అంకె చెబితే సభాహక్కుల ఉల్లంఘన తీర్మానం దాకా వెళ్తుందని మంత్రికీ తెలుసు, జవాబు తయారుచేసే డెస్క్ అధికారికి ఇంకా బాగా తెలుసు.

సొంత ప్రభుత్వాన్ని ఇలా అడిగినవాళ్లు మన దేశంలో లేకపోలేదు. 1957 డిసెంబరులో లోక్‌సభలో ఫిరోజ్ గాంధీ లేచారు. కాంగ్రెస్ వెనక బెంచీ ఎంపీ, పైగా ప్రధాని నెహ్రూ అల్లుడు. అప్పటికి ఏడాది దాటిన ఎల్ఐసీ, వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీల షేర్లలో కోటీ పాతిక లక్షల దాకా ఎందుకు పెట్టిందో, బజారు ధర కంటే ఎక్కువకు ఎందుకు కొన్నదో లెక్కలతో సహా సభ ముందు పెట్టారు. చాగ్లా కమిషన్ విచారించింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ప్రభుత్వం కూలలేదు. కాంగ్రెస్ 1962లో మళ్లీ గెలిచింది కూడా.

విప్ (పార్టీ ఆదేశం) ఉంటుంది కదా, ఎలా అడుగుతాం అనేవారున్నారు. 1985లో వచ్చిన పదో షెడ్యూల్, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం, విప్ విషయంలో చెప్పేది ఓటు గురించి. పార్టీ ఆదేశాన్ని కాదని ఓటేసినా, ఓటింగ్‌కు ఎగ్గొట్టినా సభ్యత్వానికి ముప్పు. ప్రశ్న వేసినందుకు ఆ షెడ్యూల్ కింద సభ్యత్వం పోదు. సభలో అన్న మాటకు కోర్టు కేసులు లేకుండా 194వ అధికరణ కాపాడుతుంది. ఇక టికెట్ పోతుందన్న టెన్షన్ అంటారా, దానికి రాజ్యాంగంలో మందు లేదు. కానీ మంత్రి చాంబర్‌లో వినతిపత్రం ఇస్తూ దిగిన ఫొటో రైతు ఖాతాలో సొమ్ము వేయదు. వినతిపత్రానికి జవాబివ్వకపోయినా ఎవరూ అడగరు. సభ ప్రశ్నకు జవాబు రికార్డుకెక్కుతుంది.

అడగడానికి ఇంకో వేదిక కూడా మూతపడింది. మన జిల్లా ఉన్న విదర్భకు 1994లో ఏర్పాటైన అభివృద్ధి మండలి గడువు 2020 ఏప్రిల్ 30తో తీరిపోయింది. వెనకబాటు లెక్కలతో మండలి పనితీరు నివేదిక ఏటా శాసనసభ ముందుకు రావాలన్నది 371వ అధికరణ ఉద్దేశం. మండలి లేనప్పుడు ఆ లెక్కలను రాబట్టే పని కూడా ప్రశ్నోత్తరాల గంట మీదే పడింది.

ఆలాపల్లి నుంచి సిరొంచకు సుమారు 100 కిలోమీటర్ల దారి గురించి రాసీ రాసీ మాకే విసుగొచ్చింది. అది 353సీ జాతీయ రహదారి కాబట్టి అడగాల్సింది గడ్చిరోలి-చిమూర్ ఎంపీ, ఢిల్లీలో. ఇచ్చిన హామీని మూడు నెలల్లో నెరవేర్చాలని కేంద్ర మంత్రులకు నియమం ఉంది. హామీ ఇప్పించుకోవడమే ముందు జరగాలి.

బడి సంగతి మాత్రం ముంబయిదే. ఇంట్లో తెలుగు మాట్లాడే ఆరేళ్ల పిల్ల మరాఠీ బళ్లో మొదటి రోజు కూర్చుంటే, పంతులుకు తెలుగు ముక్క రాకపోతే, ఆ పిల్ల రెండేళ్లు మూగగానే గడుపుతుంది. 350ఏ అధికరణ భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించమంటోంది. పిల్లలు మరాఠీ నేర్వద్దని కాదు. తెలుగు తెలిసిన టీచర్లు ఈ తాలూకా జిల్లా పరిషత్ బళ్లలో ఎందరున్నారో విద్యామంత్రి అంకె చెప్పాలి.

నాగ్‌పూర్ శీతాకాల సమావేశాలకు నోటీసులిచ్చేటప్పుడు అహేరి ప్రతినిధి మొదట ముఖ్యమంత్రినే అడగాలి. ఒప్పందంపై సంతకం ఆయనది, పాలక్ మంత్రి పదవీ ఆయనదే. 2016 ఒప్పందం కింద సిరొంచ తాలూకాలో ఊరి వారీగా సేకరించిన భూమి ఎంత, సొమ్ము ముట్టినవారు ఎందరు, ముట్టనివారు ఎందరు, ఒడ్డు కోతకు రాసిన పంచనామాల్లో ఎన్నింటికి చెల్లించారు, మిగిలినవాటికి ఏ తేదీలోగా చెల్లిస్తారు? తేదీ చెబితే దాన్ని సభ హామీల కమిటీకి పంపించాలి. చెప్పకపోతే ఆ జవాబు మీద అరగంట చర్చకు ఆ సాయంత్రమే నోటీసు ఇవ్వాలి.