జంగు పట్టని స్టీలు మన బోరు నీళ్లకు ఆగుతుందా?

నారాయణపేట జిల్లా చిత్తనూరులో ఇథనాల్ ప్లాంటు వద్దంటూ రైతులు 2023లో గట్టిగా పోరాడారు. నీళ్లు పాడవుతాయన్న వాళ్ల భయం న్యాయమైనదే. ఆ భయం వెంటే అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ప్లాంటులోని ట్యాంకులు, పైపులు ఏ స్టీలువి?

ఇథనాల్ కోసం మిర్యాలగూడ మిల్లుల్లో రాలే నూకల లాంటి వాటినే పిండి చేసి, ఉడికించి, ఎంజైములతో చక్కెరగా మార్చి, ఈస్ట్ వేసి పులియబెడతారు. ఆ ద్రవం పీహెచ్ 4, 5 మధ్య ఉంటుంది, అంటే పుల్లన. మామూలు ఇనుము దానికి ఆగదు. అందుకే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వాడతారు. దాని మీద కంటికి కనిపించని క్రోమియం ఆక్సైడ్ పొర ఉంటుంది. జంగు రాకుండా కాపాడేది అదే.

నల్లగొండ నీళ్లనగానే మనకు ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. ఈ పొరకు మాత్రం అసలు శత్రువు ఉప్పులో ఉండే క్లోరైడ్. చల్లటి నీళ్లలో లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా 304 తట్టుకుంటుందని పరిశ్రమలో వాడుక లెక్క. వేడి పెరిగేకొద్దీ ఆ హద్దు దిగిపోతుంది. 60 డిగ్రీలు దాటితే వెల్డింగుల దగ్గర పగుళ్ల భయం కూడా మొదలవుతుంది. బోరులో 150 ఉంది కదా, పర్వాలేదనుకుంటే పొరపాటే. నీళ్లను చల్లార్చే కూలింగ్ టవర్లో నీరు ఆవిరై ఉప్పంతా మిగులుతుంది. నాలుగింతలు చిక్కబడితే అదే 600. అప్పుడు స్టీలుకు సూదిమొనంత బెజ్జాలు పడతాయి. పైన మెరుపు తగ్గదు, లోపల గోడ తినేసి ఉంటుంది.

వరిగడ్డి కాల్చే బాయిలర్లలోనూ ఇదే గొడవ, గడ్డిలోని క్లోరిన్ ట్యూబులను తింటుంది.

మాలిబ్డినం కలిసిన 316 రకం ఇంకా ఎక్కువ క్లోరైడ్ తట్టుకుంటుంది, ధరా ఎక్కువే. కొనేటప్పుడు మిగిలిన డబ్బు యజమానిది. కారిన రోజు నష్టం పక్క పొలం రైతుది, పైపు కింద పనిచేసే కార్మికుడిది. నిప్పురవ్వ తగిలితే ఇథనాల్ ఆవిరి 13 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు, మన మే నెల ఎండ ఎంతో అందరికీ తెలుసు. ఈ లెక్క నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

అనుమతి ఇచ్చే ముందే ఎండాకాలపు బోరు నీళ్లలో క్లోరైడ్ ఎంతో, ఏ భాగానికి ఏ గ్రేడు వాడతారో దరఖాస్తులో రాయించాలి. ఏటా తనిఖీ నివేదిక తెలుగులో గ్రామసభ ముందు పెట్టాలి. మందం కొలిచే మీటరు బయటి నుంచి చూపి వెళ్తే చాలదు, సన్నని బెజ్జాలు దానికి దొరక్కపోవచ్చు. ట్యాంకు ఖాళీ చేసి, వెల్డింగుల మీద రంగు ద్రవం పూసి చూడాలి.