పోకర్ టోర్నీ తొలి గంటల్లో చిప్స్ ఎక్కడి నుంచి వస్తాయి?

లాస్ వేగస్‌లో ఏటా జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లో కూర్చోవాలంటే 10,000 డాలర్లు కట్టాలి. చేతికి 60,000 చిప్స్ ఇస్తారు. మొదటి లెవెల్‌లో బ్లైండ్లు (ఇద్దరు ముక్కలు చూడకముందే తప్పనిసరిగా వేసే పందేలు) 100, 200; పెద్దదే బిగ్ బ్లైండ్. బిగ్ బ్లైండ్‌లో ఉన్నవారు పైన ఇంకో 200 యాంటీ (ఇంకో తప్పనిసరి పందెం) పెట్టాలి. బ్లైండ్లు పెరిగే ఒక్కో దశ, అంటే లెవెల్, రెండు గంటలు; రోజుకు ఐదు లెవెళ్లు. చిప్స్ అయిపోతే ఇంటికే, మళ్లీ డబ్బు కట్టి రావడం కుదరదు. ఆట మొదలయ్యేటప్పుడు ఒక్కొక్కరి దగ్గర 300 బిగ్ బ్లైండ్లు ఉంటాయన్నమాట. ఇంత తీరిక ఉన్న టోర్నీలో కూడా "తొలి రోజే డబుల్ చెయ్యి, లేదంటే లేచిపో" అనే మాట చలామణిలో ఉంది. లెక్క వేసి చూస్తే ఆ మాట నిలబడదు.

2024లో ఈ టోర్నీ ఆడినవాళ్లు 10,112 మంది. అంటే మొత్తం 60 కోట్లకు పైగా చిప్స్. తొలి రోజు ఎవరైనా 3 లక్షలతో లేచారంటే టేబుల్ అంతా తలతిప్పి చూస్తుంది. కానీ అది మొత్తంలో రెండు వేలలో ఒక వంతు. దానికోసం సగం సగం అవకాశమున్న ఆల్-ఇన్‌లోకి, అంటే చిప్స్ అన్నీ ఒకేసారి ఒడ్డడంలోకి, దూకడం దేనికి?

బ్లైండ్లు దొంగిలించడం వల్ల కూడా ఈ దశలో ఒరిగేది తక్కువ. మీరు రైజ్ చేస్తే, అంటే పందెం పెంచితే, అందరూ ముక్కలు పడేశారనుకోండి, వచ్చేది 500. 60,000లో అది ఒక శాతం కూడా కాదు. అదే స్టాక్ (చేతిలో ఉన్న చిప్స్) 30 బిగ్ బ్లైండ్లకు తగ్గిన రోజున అలాంటి ఒక్క దొంగతనం 8 శాతం కలుపుతుంది. కాబట్టి తొలి గంటల్లో చిప్స్ రావలసింది ఫ్లాప్ (టేబుల్ మీద అందరికీ కలిపి తెరిచే మొదటి మూడు ముక్కలు) తర్వాత ఆట నుంచే.

మరి పెద్ద పందెం కాయదగ్గ ముక్కలు ఎన్నిసార్లు వస్తాయి? లైవ్ టేబుల్‌లో గంటకు 25 నుంచి 30 చేతులు (పంపకాలు) పడతాయి. పది గంటల రోజుకు 275 అనుకుందాం. చేతికి వచ్చే రెండు ముక్కలూ జత పడే అవకాశం దాదాపు 6 శాతం, అంటే 16 జతలు. జతతో ఫ్లాప్ చూసినప్పుడు సెట్ (ఆ జతకు అదే ముక్క మూడోది) తగిలేది ఎనిమిదిన్నర సార్లలో ఒకసారి. రోజంతా కూర్చుంటే సగటున రెండు సెట్లు. ఆ రెండింటిని సరిగ్గా ఆడారా లేదా అన్నదే ఆ రోజు స్టాక్‌ను చాలావరకు తేల్చేస్తుంది. చాలామంది తప్పేది సరిగ్గా ఇక్కడే.

ఒక చేయి విడదీసి చూద్దాం. ముందుగా ఆడే సీటులో ఒకాయన ఆసు, రాజుతో 500కు రైజ్ చేశాడు. మీరు బటన్ మీద (ఫ్లాప్ తర్వాత అందరికంటే చివర ఆడే సీటు) ఏడుల జతతో కాల్ చేశారు, అంటే అంతే మొత్తం వేశారు, బ్లైండ్లు తప్పుకున్నాయి. పాట్ (మధ్యలో పోగైన పందేలు) 1,500. ఫ్లాప్: ఆఠీను రాజు, ఇస్పేటు ఏడు, ఆఠీను నాలుగు. ఆయన 700 వేశాడు. "భయపెట్టకూడదు" అని మీరు కాల్ మాత్రమే చేస్తే పాట్ 2,900 అవుతుంది. టర్న్ (టేబుల్ మీద నాలుగో ముక్క) మీద 2,000, రివర్ (అయిదో ముక్క) మీద 4,800 పడ్డాయనుకుంటే ఆఖరి పాట్ 16,500; ఆయన జేబు నుంచి వచ్చింది 8,000. ఇప్పుడు అదే ఫ్లాప్ మీద 700ను 2,400కు రైజ్ చేయండి. కాల్ చేస్తే పాట్ 6,300. టర్న్ మీద 4,500, రివర్ మీద 11,000 వేస్తే పాట్ 37,300కు చేరుతుంది. ఆయన పెట్టింది 18,400. రెండు దారుల్లోనూ టర్న్, రివర్ పందేలు పాట్‌లో 70 శాతం దగ్గరే. ఫ్లాప్ మీద ఒక్క రైజ్ రాబడిని రెట్టింపుకు మించి పెంచింది. పాట్ ప్రతి వీధిలోనూ (ముక్కలు తెరిచే దశలో) తన మీద తానే గుణించుకుంటూ పోతుంది గనుక మొదట్లో పెట్టిన చిన్న తేడా చివర్లో కొండంత అవుతుంది. పైగా అక్కడ ఆఠీను ఫ్లష్‌కు (ఒకే రంగు ముక్కలు అయిదు) ఎదురుచూసేవాడికి రివర్ లోపు 35 శాతం అవకాశం ఉంది, వాడిని చవగ్గా చూడనివ్వడం కూడా తప్పే.

ఇదే చేతిని ఆసు, రాజు పట్టుకున్నవాడి వైపు నుంచి చూడండి. ఒక్క జతతో ఆయన పెట్టదగ్గ సొమ్ము 8,000 దరిదాపుల్లో, అంటే 40 బిగ్ బ్లైండ్లు. 300 బిగ్ బ్లైండ్లు ఉన్నప్పుడు మొత్తం స్టాక్ మధ్యలోకి వెళ్లిందంటే అవతలివాడి దగ్గర ఒక్క జత మాత్రమే ఉండడం అరుదు. ఫ్లాప్ మీద రైజ్, టర్న్ మీద మళ్లీ పెద్ద పందెం చూశాక కూడా "టాప్ పెయిర్, టాప్ కిక్కర్ కదా" (టేబుల్ మీది పెద్ద ముక్కతో జత, పక్కన వీలైనంత పెద్ద ముక్క) అని రివర్ దాకా లాగినవాళ్ల చిప్స్‌తోనే తొలి రోజు పెద్ద స్టాకులు తయారవుతాయి. ఆసుల జత కూడా ఫ్లాప్ తర్వాత ఒక జతే.

సెట్లు రెండే గనుక మిగతా 270 చిల్లర చేతుల్లో చిప్స్ కారిపోకుండా చూసుకోవాలి. 101 పూల్ రమ్మీ ఆడేవాళ్లకు ఇది తెలిసిన సంగతే: మొదటే డ్రాప్ చేస్తే 20 పాయింట్లు, మధ్యలో అయితే 40, పట్టుకు కూర్చుంటే 80. స్మాల్ బ్లైండ్‌లో రంగు కలవని రాజు, జాకీ వచ్చాయా, మొదటే డ్రాప్. రాజు తగిలినా అవతల ఆసు, రాజు ఉందేమోనని మూడు వీధులూ ముందుగా మీరే మాట్లాడాలి. రంగు కలవని ఆసు, రాణితో రీరైజ్‌కు కాల్ చేయడం ఇంకా ఖరీదైన అలవాటు. బటన్ మీద, దానికి సరిగ్గా ముందు ఆడే సీటులో మాత్రం తలుపు కాస్త తెరవచ్చు: ఒకే రంగువి ఎనిమిది, తొమ్మిది, ఒకే రంగు ఆసు, అయిదు, చిన్న జతలు. కాల్ చేయాల్సిన మొత్తానికి ఇద్దరి స్టాకుల్లో చిన్నది కనీసం 15 రెట్లు ఉంటేనే చిన్న జతతో సెట్ కోసం వెళ్లాలి. ఇక్కడ 500కు 60,000, కాబట్టి బెంగ లేదు. ఫ్లష్ పడినా అది ఆసు ఫ్లష్ కాకపోతే జాగ్రత్త, జాకీ ఫ్లష్‌తో 300 బిగ్ బ్లైండ్లు పోగొట్టుకోవడం ఈ దశలోనే సాధ్యం.

బ్లఫ్‌ల (మంచి ముక్కలు లేకుండానే పందెంతో బెదిరించడం) విషయం కొంచెం తిరకాసు. ఏడాదంతా కూడబెట్టి వచ్చినవాడు చిన్న పందేలకు జతతో కాల్ చేస్తూనే ఉంటాడు, అక్కడ బ్లఫ్ దండగ. అదే మనిషి టోర్నీ మొత్తం పోయే పందెం ఎదురైతే వెనక్కి తగ్గుతాడు, మళ్లీ కట్టే వీలు లేదు కదా. కనుక బ్లఫ్ చేస్తే రివర్ మీద పెద్దగా చేయాలి, లేదా అసలు చేయకూడదు.

ఈ లెక్కంతా నెమ్మదిగా నడిచే టోర్నీకే. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి, 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది. ఇక్కడి ఆటగాళ్లకు దగ్గర్లో మిగిలింది గోవా కేసినోలే. అక్కడ రోజువారీ టోర్నీలో 20 నిమిషాల లెవెల్ అయితే లెవెల్‌కు పది చేతులు, టేబుల్ చుట్టూ ఒక్క చుట్టు. ఆరు లెవెళ్లకు 60 చేతులు, అందులో జతలు మూడో నాలుగో, సెట్ అయితే సగం కూడా కాదు. ఈలోగా బ్లైండ్లు నాలుగు రెట్లయితే 100 బిగ్ బ్లైండ్లు కాస్తా 25 అవుతాయి. సెట్ కోసం కాచుకు కూర్చునే ఎత్తు అక్కడ పనికిరాదు. మూడో లెవెల్ నుంచే లింప్ చేసినవాళ్ల (రైజ్ చేయకుండా బిగ్ బ్లైండ్ అంత మాత్రమే వేసినవాళ్ల) మీద రైజ్ చేయడం, బటన్ నుంచి బ్లైండ్లు కొట్టడం మొదలుపెట్టాలి.

అలాంటి టోర్నీల్లో రీ-ఎంట్రీ (మళ్లీ డబ్బు కట్టి రావడం) కూడా ఉంటుంది. "పోతే ఇంకోసారి కడదాం" అని తొలి లెవెల్‌లోనే ఆల్-ఇన్ తోసేవాళ్లు ఆ రెండోసారి కట్టే సొమ్మును లెక్కలో కలపరు. చిప్స్ రెట్టింపైనా వాటి డబ్బు విలువ పూర్తిగా రెట్టింపు కాదు, ఎందుకంటే మొదటి బహుమతి కూడా మొత్తం సొమ్ములో ఒక భాగమే. అడుగున ఉండే బహుమతి ఎంట్రీకి రెట్టింపు ఉంటుందనుకుందాం. రెండుసార్లు కట్టినవాడు అంతవరకు నెట్టుకొచ్చినా పెట్టిందే తిరిగొస్తుంది. మూడుసార్లు కట్టినవాడికి బహుమతి వచ్చినా నష్టమే.