సిద్ధబీజాలకు ఒక ఆహ్వాన సంఘం కావాలి

గోదావరి డెల్టాలో తెగులు కనబడినప్పుడల్లా, శిలీంధ్రాల వంటివి వంశం పెంచుకోవడానికి వెదజల్లే సూక్ష్మమైన సిద్ధబీజాలను (స్పోర్లను) ఆడిపోసుకోవడం మనకు అలవాటైపోయింది. పిలవని పేరంటానికి వచ్చాయంటూ వాటిని తూలనాడడం మన మర్యాదకు తగదని, నిజానికి వాటిని పిలిచిందీ, పీట వేసిందీ, విస్తరి నిండా వడ్డించిందీ మనమేనని సవినయంగా మనవి చేస్తున్నాను. ఇంత శ్రద్ధగా సాగుతున్న సేవకు ఒక సంఘమూ, తీర్మానాల పుస్తకమూ లేకపోవడమే లోటు.

ముందుగా వరికి వచ్చే అగ్గి తెగులు శిలీంధ్రం సంగతి చూద్దాం. ఇది ఆడా మగా కలయిక కోసం ఎదురుచూడకుండా, కొనిడియాలు అనే అలైంగిక సిద్ధబీజాలతోనే చేనంతా అల్లుకుంటుంది. మూడు గదులతో బేరిపండు ఆకారంలో ఉండే కొనిడియం గాలికి కొట్టుకొచ్చి ఆకు మీద వాలుతుంది. దానికి కావలసిందల్లా రాత్రంతా ఆరని తడి. దాళ్వాలో, అంటే రబీ వరిలో, ఆ ఏర్పాటు మంచు చూసుకుంటుంది. తడి తగలగానే అది మొలకెత్తి, ఆకును గట్టిగా పట్టుకునే ఒక కణాన్ని తయారు చేసుకొని, వాతావరణ పీడనానికి దాదాపు 80 రెట్ల ఒత్తిడితో పైపొరను చీల్చుకొని లోపలికి దిగుతుంది. ఇంత శ్రమపడి వచ్చినవారికి మెత్తని ఆకు అందించడం గృహస్థ ధర్మం కనుక, వేయవలసిన మోతాదు వేసిన తరువాత కూడా, పక్క చేను మన చేనుకన్నా పచ్చగా ఉందన్న ఒకే ఒక్క శాస్త్రీయ కారణంతో, మరో బస్తా యూరియా చల్లుతాము. నత్రజని మితిమీరిన పైరు ఈ తెగులుకు సులువుగా లొంగుతుంది. ఆ బస్తా కోసం మనం ఎండలో వరుసలో నిలబడ్డ త్యాగాన్ని ఇంతవరకు ఏ శిలీంధ్రమూ గుర్తించలేదు.

ఇక తాటిచెట్ల విషయంలో మన ఆతిథ్యం ఖండాంతరాలకు పాకింది. గోదావరి ప్రాంతపు తాళ్లను చంపుతున్న మొవ్వు కుళ్ళు తెగులును పరిశీలించిన శిలీంధ్ర శాస్త్రవేత్త ఇ.జె. బట్లర్, నేడు ఫైటాఫ్తొరా పామివోరా అని పిలిచే జీవిని 1907లో లోకానికి పరిచయం చేశాడు. అదే జీవి ఇప్పుడు దేశదేశాల్లో కోకో కాయలను కుళ్ళబెడుతోంది. ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మనం దీనికి దరఖాస్తయినా పెట్టకపోవడం అన్యాయం. అది అసలు శిలీంధ్రమే కాదని, దాని కణకవచంలో మొక్కల్లోలా సెల్యులోజ్ ఉంటుందని కొందరు పండితులు కులగోత్రాలు తవ్వుతారు. విస్తరి ముందు కూర్చున్నవారిని అవి అడగకూడదు. దాని సిద్ధబీజాశయాలు పగిలితే, ఒక్కొక్కటి కొరడాల్లాంటి రెండేసి కశాభాలతో గమన సిద్ధబీజాలు బయటపడి, మొవ్వులో నిలిచిన వాన నీటిలో ఈదుకుంటూ పోతాయి. ఇదే తెగులుతో మొవ్వు ఊడిపోయిన కొబ్బరి చెట్టు తల నరికి కాల్చాలన్నది నియమం. కోనసీమలో చెట్టెక్కే మనిషి దొరకలేదన్న కారణంతో దానిని మరుసటి వానాకాలం దాకా అలాగే నిలబెట్టడం మన పద్ధతి.

వరికే వచ్చే మానిపండు తెగులును పంట బాగా పండిన ఏడే వస్తుందని లక్ష్మీ తెగులు అనడం కూడా ఉంది. గింజ స్థానంలో ఉండ కట్టిన క్లామిడోస్పోర్లు అనే సిద్ధబీజాల పొడికి ఇంతకుమించిన గౌరవం మరెక్కడ దొరుకుతుంది? నీటిపై తేలే చిన్న ఫెర్న్ మొక్క అజొల్లా ఒక్కటే ఇమడని మనిషి. స్థూల, సూక్ష్మ సిద్ధబీజాలు రెండూ ఉన్న ఇంటి నుంచి వచ్చి కూడా, తన ఆకుల్లోని నీలి ఆకుపచ్చ నాచు చేత గాలిలోని నత్రజనిని పట్టించి అద్దె చెల్లిస్తుంది. అందుకే దానిని మనం పెద్దగా పట్టించుకోము.

ఈ మహత్కార్యానికి అడ్డుపడేవారు లేకపోలేదు. మార్టేరు వరి పరిశోధన స్థానం అగ్గి తెగులును తట్టుకునే ఎం.టి.యు. 1010 వంగడాన్ని విడుదల చేసి, దానికి కాటన్ దొర సన్నాలు అని పేరు పెట్టింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసి, నేటికి సుమారు 10 లక్షల ఎకరాలకు చేరిన తడిని ప్రారంభించి, సార్వాకూ దాళ్వాకూ మధ్య సిద్ధబీజాలు పస్తుండే అవసరం లేకుండా చేసిన మహానుభావుడి పేరును, వాటిని గెంటివేసే వడ్లకు పెడతారా? అది చాలదన్నట్లు విత్తనశుద్ధి చేయమంటారు, గట్ల మీద గడ్డి తీయమంటారు, యూరియాను దఫదఫాలుగా వేయమంటారు, ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమంటారు. పొలం కౌలుకిచ్చి హైదరాబాదులో స్థిరపడిన భూస్వామి ఒకరిని అధ్యక్షుడిగా ఎన్నుకొని, కాలిబాటల్లో సైతం నాట్లు వేయించాలని సంఘం తొలి తీర్మానం చేయాలి. పంట పోతే ఆ నష్టాన్ని, ఎప్పటిలాగే, కౌలు రైతు ఖాతాలో రాసుకోవచ్చు.